మీకు తెలుసా? గాయం మానడానికీ ఒక లెక్కుంది

మొట్టమొదటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో వైద్యం చేయాల్సిన పాత్రకు మొదటి మెట్టులో (లెవెల్‌లో) వైద్యమే రాదు! 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన ఆట ఇది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, అంతే. అందులో క్లెరిక్ అని ఒక పూజారి పాత్ర ఉంటుంది. తోటివాళ్ల గాయాలు మాన్పడం అతని వంతు. కానీ ఆట మొదలయ్యేసరికి అతని దగ్గర ఒక్క మంత్రమూ ఉండదు. బతికి బట్టకట్టి రెండో మెట్టెక్కితే అప్పుడు ఒకే ఒక్క మంత్రం దక్కుతుంది. దాన్నీ రోజుకు ఒక్కసారే వాడాలి. ఆరు ముఖాల పాచిక వేసి, పడ్డ అంకెకు ఒకటి కలిపితే ఎంతో, అంత గాయం మానుతుంది.

ఈ ఆటలు కొత్తగా వింటున్నవారి కోసం రెండు ముక్కలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్నే గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు: కత్తి పట్టే వీరుడు, మంత్రగాడు, వేటగాడు, పూజారి. ఎవరేం చేస్తారో నోటితో చెబుతారు. సాధ్యమా కాదా అన్నది పాచికలు తేలుస్తాయి. గెలవడం కంటే బతికి ఇల్లు చేరడమే ఇందులో పెద్ద సంగతి. అందుకే ఒంట్లో ప్రాణం ఎంత మిగిలింది, సంచిలో మందు ఎంతుంది, దివిటీ ఎంతసేపు వెలుగుతుంది అన్న లెక్కల చుట్టూ ఆటంతా తిరుగుతుంది. వైద్యం లెక్క మారిందంటే కథ స్వభావమే మారిపోతుంది. ఈ వారం ముచ్చట్లన్నీ దాని గురించే.

ప్రాణం లెక్క ఓడల నుంచి వచ్చింది

పిల్లలు ఫోన్లో ఆడే ఆటల్లో తల మీద ఒక పట్టీ కనిపిస్తుంది కదా, దెబ్బ తగిలినకొద్దీ తరిగిపోయేది? దాని మూలం ఈ బల్లాటల్లోని ‘హిట్ పాయింట్లు’. ఆర్నెసన్‌కు ఈ ఊహ యుద్ధనౌకల ఆటల్లోంచి వచ్చింది. ఒక్క గుండు తగిలితే ఓడ మునగదు. ఇన్ని దెబ్బలు తట్టుకుంటుంది, ఆ తర్వాతే మునుగుతుంది. అంతకుముందు సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధపు ఆటల్లో మామూలుగా ఒక దెబ్బకు ఒక మనిషి పోయేవాడు. కానీ తాము పెంచుకున్న పాత్ర ఒక్క పాచికతో చచ్చిపోతే ఆడేవాళ్లకు మనసు ఒప్పలేదు. దాంతో ఓడకున్న ఓపికను మనిషికి ఇచ్చారు.

పూజారి పాత్ర పుట్టుక మరీ చిత్రం. ఆర్నెసన్ తన మిత్రులతో ఆడిన ‘బ్లాక్‌మూర్’ అనే ఆటలో సర్ ఫాంగ్ అని ఒక రక్తపిశాచి ఉండేవాడు. ఒక ఆటగాడే ఆ పాత్ర ఆడుతూ అందర్నీ హడలెత్తించేవాడు. అతన్ని అడ్డుకోవడానికని సినిమాల్లో పిశాచాలను వేటాడే పూజారుల తరహాలో ఒక పాత్ర సృష్టించారు. మైక్ కార్ దాన్ని ఆడాడు. అంటే ఈ ఆటల్లో వైద్యుడు ముందు పుట్టింది పిశాచాన్ని తరమడానికి! గాయాలు మాన్పడం వెంట వచ్చిన విద్య.

పాయింటు అంటే రక్తమా, అదృష్టమా?

పదో మెట్టు వీరుడికి కత్తి పదిసార్లు తగిలినా నిలబడతాడేమిటి, అతని ఒళ్లేమైనా రాయా అని ఆడేవాళ్లు మొదటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. 1979లో వచ్చిన గేమ్ మాస్టర్ల పుస్తకంలో గైగాక్స్ దీనికి జవాబిచ్చాడు. ఆ అంకెలో ఒంటి బలం కొంతే. మిగతాది నేర్పు, అదృష్టం, దైవబలం. మెడకు తగలాల్సింది భుజాన్ని రాసుకుపోతే అదీ పాయింట్లలో కోతే. నాకైతే ఇది చాలా సరైన మాటనిపిస్తుంది. మనవాళ్లు ‘ఆయుష్షు గట్టిది, బతికాడు’ అంటారే, ఆ ఆయుష్షు గట్టిదనాన్నే ఇక్కడ అంకెల్లో రాసుకుంటున్నారు.

నెల రోజుల మంచం, ఎనిమిది గంటల నిద్ర

అదే ఆట, యాభై ఏళ్లు. కానీ గాయం మానే వేగం మాత్రం పుస్తకం మారినప్పుడల్లా మారుతూ వచ్చింది. ఈ లెక్క వరసగా చూస్తే ఒక్కో తరం ఎలాంటి కథ కోరుకుందో అర్థమవుతుంది.

1974 పుస్తకంలో మంత్రం లేకుండా కేవలం విశ్రాంతితో కోలుకోవాలంటే మొదటి రోజు ఏమీ రాదు. ఆ తర్వాత రోజు విడిచి రోజు ఒక్కో పాయింటు వస్తుంది. ఇరవై పాయింట్లు పోగొట్టుకున్నవాడు నెలకు పైగా మంచం పట్టాల్సిందే. 1979 నాటికి రోజుకు ఒకటి అయింది. ఎంత పెద్ద దెబ్బ తిన్నవాడైనా నాలుగు వారాలు కదలకుండా పడుకుంటే పూర్తిగా కోలుకుంటాడని కూడా రాశారు. ఇలాంటి నియమం ఉన్నప్పుడు గుహలోకి వెళ్లేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు. కత్తి దూసేముందు మాటలతో పని జరుగుతుందేమో చూస్తాడు. రాక్షసుడు నిద్రపోతుంటే చప్పుడు చేయకుండా పక్కనుంచి జారుకుంటాడు. భయం కథలో భాగమవుతుంది.

2000లో వచ్చిన మూడో కూర్పులో ఒక రోజు విశ్రాంతికి మెట్టుకొక పాయింటు ఇచ్చారు. 2008లో నాలుగో కూర్పు లెక్కనంతా తిరగేసింది. ప్రతి పాత్రకూ రోజుకు ఇన్నిసార్లు అని ‘హీలింగ్ సర్జ్’లు ఉంటాయి. ఒక్కోటి మొత్తం పాయింట్లలో నాలుగో వంతు తిరిగి ఇస్తుంది. పూజారి మంత్రం వేసినా ఖర్చయ్యేది చాలావరకు దెబ్బతిన్నవాడి సర్జే. వైద్యుడి దగ్గర ఎంత మందున్నా రోగి ఒంట్లో సత్తువ లేకపోతే మానదన్న మాట. నాలుగో కూర్పును తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఈ ఒక్క ఊహ మాత్రం ఎంతో నిజాయితీగా ఉంటుంది.

2014 నాటి అయిదో కూర్పులో ఎనిమిది గంటలు విశ్రమిస్తే పోయిన పాయింట్లన్నీ వచ్చేస్తాయి. మధ్యలో గంటసేపు కూర్చుంటే ‘హిట్ డైస్’ అనే సొంత పాచికలు ఖర్చుపెట్టి కొంత రాబట్టుకోవచ్చు. రాత్రికి కత్తిపోటు, తెల్లారేసరికి మామూలు మనిషి! ఇది వీరగాథలకు నప్పే లెక్క. భయం తగ్గి సాహసం పెరిగింది. ఏది మంచిదంటే ఒక్క మాటలో చెప్పలేం. కానీ నెల రోజుల మంచం ఉన్న ఆటలో దొరికే గుండెదడ ఎనిమిది గంటల నిద్రలో దొరకదని మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

750 బంగారు నాణేల కర్ర

మూడో కూర్పులో చిన్న గాయాలు మాన్పే మంత్రదండం ఒకటి ఉండేది. దాని ధర 750 బంగారు నాణేలు. యాభైసార్లు పనిచేస్తుంది. అంటే ఒక్కసారికి 15 నాణేలు. ప్రతిసారీ ఎనిమిది ముఖాల పాచిక వేసి ఒకటి కలపాలి, సగటున అయిదున్నర పాయింట్లు. మొత్తం కర్రకు 275 పాయింట్ల వైద్యం. ఆటగాళ్లు కూర్చుని ఈ లెక్క వేసేశారు. ఇంతకంటే చవకైన వైద్యం పుస్తకంలో ఎక్కడా లేదని తేలింది. దాంతో ప్రతి జట్టూ మొలలో ఈ కర్ర పెట్టుకుని బయల్దేరేది. పోరు కాగానే వరసగా నిలబడి, కర్రతో తాకించుకుని, మళ్లీ నిండు ప్రాణాలతో ముందుకు. వైద్యం చవకయ్యేసరికి గాయానికి విలువ పోయింది. పూజారికి కూడా పాపం పెద్దగా పని లేకపోయింది.

పద్నాలుగో రోజు

ఓపిక ఎప్పుడు ఖర్చుపెట్టాలి, ఎప్పుడు దాచుకోవాలి అన్న విషయం మీద మన మహాభారతంలో, ద్రోణపర్వంలోని యుద్ధం పద్నాలుగో రోజును మించిన పాఠం నాకెక్కడా కనబడలేదు. మనకు తిక్కన తెలుగులో అందించిన పర్వమే అది.

పొద్దు గూకేలోగా సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడు ప్రతిన పూనాడు. అంటే గడియారం నడుస్తోంది. మధ్యాహ్నానికి రథం గుర్రాలు బాణాలు గుచ్చుకుని, దప్పికతో అడుగు వేయలేని స్థితికి వచ్చాయి. ఆగితే సమయం పోతుంది. ఆగకపోతే గుర్రాలు పోతాయి. అర్జునుడు రథం దిగి నేల మీద నిలబడి శత్రువులను అడ్డుకుంటాడు. బాణంతో నేల చీల్చి కొలను పుట్టిస్తాడు. బాణాలతోనే నీడ కల్పిస్తాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, వాటి ఒంట్లో దిగిన బాణాలు తీసి, నీళ్లు పట్టి, సేదదీర్చి మళ్లీ కాడికి కడతాడు. యుద్ధభూమి నట్టనడుమ, చుట్టూ శత్రుసైన్యం ఉండగా! అయిదో కూర్పులో గంటసేపు విరామం తీసుకుందామా వద్దా అని ఆటగాళ్లు వాదించుకునే ఘట్టం అచ్చం ఇదే. ఒకరు కాపలా కాయాలి, ఒకరు వైద్యం చేయాలి, అవతల సూర్యుడు దిగిపోతుంటాడు.

ఆ రోజు అక్కడితో అయిపోలేదు. పొద్దు గూకినా యుద్ధం ఆగలేదు. చీకట్లో ఘటోత్కచుడు కౌరవసేనను తుడిచిపెడుతుంటే కర్ణుడు ఇక తట్టుకోలేక ఇంద్రుడిచ్చిన శక్తిని ప్రయోగించాడు. కవచకుండలాలు ఇచ్చి సంపాదించుకున్న ఆయుధం. ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచిపెట్టుకున్నది. ఘటోత్కచుడు కూలాడు, పాండవులు ఏడ్చారు, కృష్ణుడు మాత్రం ఆనందించాడు. ఎదుటివాడి సంచిలోంచి ఆ ఒక్కటీ ఖర్చయిపోయింది మరి. ఈ ఆటలు ఆడేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. పెద్ద పోరుకని దాచుకున్నది చిన్న పోరులో వాడాల్సి రావడం, వాడకపోతే ఆ చిన్న పోరులోనే పోయేట్టుండటం.

అదే రాత్రి, ఆ తర్వాత, రెండు సేనలూ నిద్రకు తూలిపోతుంటే అర్జునుడే గొంతెత్తి చంద్రుడు వచ్చేదాకా అందరూ ఉన్నచోటే పడుకోండన్నాడు. కౌరవుల వైపువాళ్లు కూడా ఆయన్ను దీవించారు. ఏనుగుల మీద, రథాల మీద, నేల మీద ఎక్కడివాళ్లక్కడ నిద్రపోయారు. చంద్రోదయంతో మళ్లీ పోరు. సగం నిద్రకు సగం ఓపికే వస్తుందని తెలిసినా శత్రువుతో కలిసి విశ్రాంతి తీసుకోవడం! ఏ నియమాల పుస్తకంలోనూ లేని ఘట్టం ఇది. మీరు ఆట నడిపే రోజున తప్పకుండా పెట్టి చూడండి.

జాంబవంతుడు అడిగిన మొదటి ప్రశ్న

రామాయణ యుద్ధంలో ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రానికి రామలక్ష్మణులతో సహా వానరసేన దాదాపు అంతా నేలకూలింది. విభీషణుడు వెతుక్కుంటూ వెళ్లి, బాణాలు గుచ్చుకుని కళ్లు కూడా తెరవలేని జాంబవంతుణ్ణి పలకరించాడు. ఆ ముసలాయన రాముడి గురించి అడగలేదు, సుగ్రీవుడి గురించి అడగలేదు. హనుమంతుడు బతికున్నాడా అని అడిగాడు. అతనుంటే చచ్చిన సేన కూడా బతికినట్టేనని, అతను లేకపోతే బతికున్నవాళ్లూ చచ్చినట్టేనని కారణం చెప్పాడు. మందు తేగలిగినవాడు బతికి ఉండటం అన్నిటికంటే ముఖ్యమన్న లెక్క అది. ఈనాటి ఆటలో ‘ముందు పూజారిని కాపాడుకోండి’ అన్నది కొత్తవాళ్లకు చెప్పే మొదటి సలహా.

హనుమంతుడు తెచ్చిన ఆ మందులు కూడా నాలుగు రకాలు. మృతసంజీవని చచ్చినవాణ్ణి లేపుతుంది. విశల్యకరణి దిగిన బాణాన్ని, గాయాన్ని చూసుకుంటుంది. సంధానకరణి విరిగినదాన్ని అతుకుతుంది. సావర్ణ్యకరణి చర్మానికి మునుపటి రంగు తెస్తుంది. ప్రాణం పోయడం వేరు, గాయం మాన్పడం వేరు, ఎముక అతకడం వేరు అని అప్పుడే విడదీసి పెట్టారు.

ఇక్కడే ఇంకో సంగతి. ఆ మూలికల వాసనకు వానరులంతా లేచారు కదా, పక్కనే పడి ఉన్న రాక్షసులు ఎందుకు లేవలేదు? వాల్మీకి జవాబిచ్చాడు. ఎంతమంది చచ్చారో బయటికి తెలియకూడదని రావణుడు తనవాళ్ల శవాలను ఎప్పటికప్పుడు సముద్రంలో వేయించాడు. పరువు కోసం దాచిన లెక్క ఆయన సేననే ముంచింది.

ఒకే వైద్యం ఒకే పక్షం దగ్గరుంటే ఏమవుతుందో కచుడి కథ చెబుతుంది. మృతసంజీవని విద్య శుక్రాచార్యుడికి ఒక్కడికే తెలుసు, అందుకే రాక్షసులు చచ్చి చచ్చి లేస్తుంటారు. దేవతలు దాన్ని ఎదుర్కోలేక బృహస్పతి కొడుకును శిష్యుడిగా పంపి విద్యే ఎత్తుకొచ్చే పథకం వేశారు. ఇక సినిమాల్లో అంటారా, 1951 నాటి ‘పాతాళ భైరవి’లో చచ్చిన నేపాళ మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజప సంజీవనితో లేపుతాడు. విలన్ దగ్గర కూడా ఒక వైద్యుడుంటే కథకు ఎంత బలమో దర్శకుడు కె.వి. రెడ్డికి తెలుసు.

మేకకు మందు లేదు

మన అరుగుల మీద ఆడిన ఆటల్లో కూడా పోయినదాన్ని తిరిగి తెచ్చుకునే తీరు ఒక్కో ఆటలో ఒక్కోలా ఉంటుంది. పులి–మేకలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకిన మేక పోయినట్టే, మళ్లీ రాదు. ఆ పదిహేనే మేకల ఆస్తి. రెండో మూడో పోయినా పరవాలేదు, అవి పోతున్నంతసేపూ పులిని ఏ మూలకు నెడుతున్నామన్నదే చూడాలి. వైద్యం అసలే లేని ఆట ఎంత బిగువుగా ఉంటుందో చూడాలంటే ఇది ఆడండి.

అష్టాచెమ్మాలో కాయ చచ్చినా పోదు, మొదటికొచ్చి మళ్లీ ఎక్కాలి. నడిచిన దూరమంతా వృథా. అడ్డగీతలు కొట్టిన గడులు మాత్రం భద్రం, అక్కడ కూర్చున్న కాయను ఎవరూ చంపలేరు. ఆ గడిలో ఎంతసేపు కూర్చోవాలి, ఎప్పుడు లేచి పరుగెత్తాలి అన్నదే ఆటలో సగం తెలివి.

వామనగుంటలది ఇంకో దారి. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, చింతగింజలు. ఒక ఆట ఓడినవాళ్లు తర్వాతి ఆటలో తమ దగ్గర మిగిలిన గింజలతో ఎన్ని గుంటలు నిండితే అన్నింటితోనే ఆడాలి. తక్కినవి పాడుబడ్డట్టే. నిన్నటి నష్టం ఇవాళ కూడా వెంటాడుతుంది. రాత్రి నిద్రపోతే అన్నీ మాసిపోయే అయిదో కూర్పుకు ఇది పూర్తిగా ఎదురు. ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు ఆడిన ఆటలో ఇంత కఠినమైన నియమం ఉందని నేను ఎవరికి చెప్పినా ఆశ్చర్యపోతారు.

కాళేశ్వరంలో పడిపోయినవాడు

అయిదో కూర్పులో పాయింట్లు సున్నాకు చేరినవాడు వెంటనే చావడు. స్పృహ తప్పి పడిపోతాడు. తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. పది, ఆపైన పడితే ఒక మార్కు బతుకు వైపు, తక్కువ పడితే ఒక మార్కు చావు వైపు. ముందు ఏ వైపు మూడు నిండితే అదే తీర్పు. ఇరవై పడిందా, ఒక పాయింటుతో లేచి కూర్చుంటాడు. ఒకటి పడిందా, చావు వైపు ఒకేసారి రెండు మార్కులు.

ఈ నియమం చదివినప్పుడల్లా నాకు మన కాళేశ్వరమే మనసులో మెదులుతుంది. గోదావరి, ప్రాణహిత కలిసేచోట, అంతర్వాహినిగా సరస్వతి కూడా ఉందని నమ్మే సంగమం దగ్గర, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తీశ్వరుడు, శివుడు. ముక్తీశ్వరుణ్ణి కొలిచినవాళ్లందరికీ ముక్తి దొరుకుతుంటే తనకు పనేం మిగిలిందని యముడు మొరపెట్టుకుంటే, శివుడు తన పక్కనే చోటిచ్చాడని స్థలపురాణం. అందుకే ముందు కాళేశ్వరుడికి పూజ, ఆ తర్వాతే ముక్తీశ్వరుడికి. ఈ సంగమంలో 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతి పుష్కరాలు జరిగాయి.

చావు, విముక్తి ఒకే పీఠం మీద కూర్చున్న చోటు సాహసకథకు ఇంకెక్కడ దొరుకుతుంది? ఇలా ఊహించండి. వంతెన లేని పాత రోజులు. నలుగురు యాత్రికులు మహదేవపూర్ అడవి దాటి తెల్లారేసరికి సంగమానికి చేరాలి. ఆవలి ఒడ్డున సిరొంచ. దారిలో ఎలుగుబంటి ఎదురుపడింది. వేటగాడికి పదకొండు పాయింట్లలో మూడు మిగిలాయి. పూజారి దగ్గర ఒక మంత్రం అయిపోయి ఇంకొక్కటి ఉంది. బల్ల దగ్గర మాటలు ఇలా నడుస్తాయి:

“అక్కా, నాకు మూడే మిగిలినయ్. జర మంత్రం ఎయ్యరాదే?”

“ఒక్కటే ఉన్నది తమ్మీ. ఇప్పుడు ఏస్తే నీకు నాలుగో అయిదో వస్తయ్. ఎలుగు ఒక్క దెబ్బకు ఎనిమిది గుంజుతున్నది. మళ్ల పడుతవ్, నా మంత్రం పాయె.”

“అయితే ఏం జెయ్యమంటవ్?”

“నువ్వు పడ్డంక ఏస్త. పడ్డోణ్ణి లేపనీకె ఒక్క పాయింట్ చాలు.”

“నేను పడ్డంక ఎలుగు నన్నే మళ్ల కొడితే? పడ్డోని మీద మీదికొచ్చి కొడితే చావు దిక్కు రెండు మార్కులు పడుతయ్ గదా!”

“అన్నా, నువ్వు దివిటీ పట్టుకొని ఎలుగుకు అడ్డంబో. దాన్ని నీ దిక్కు తిప్పుకో. తమ్ముడు పడ్డా దాని చూపు నీ మీదనే ఉండాలె.”

చూశారా, ఒక్క మంత్రం చుట్టూ ముగ్గురి ప్రాణాలు, ధైర్యం, లెక్క అన్నీ ముడిపడ్డాయి. అయిదో కూర్పులో చాలా జట్లు ఇలాగే చేస్తాయి: నిలబడి ఉన్నవాడికి మందు దండగ, పడ్డాక లేపుదాం అని. లెక్క ప్రకారం అది సరైనదే. కానీ కథగా చూస్తే పడటం, లేవడం, మళ్లీ పడటం మామూలైపోయి చావంటే భయం పోతుంది. దీనికి చాలామంది గేమ్ మాస్టర్లు సొంతంగా ఒక నియమం పెట్టుకుంటారు: పడి లేచిన ప్రతిసారీ అలసట ఒక మెట్టు పెరుగుతుందని. నేనూ దానికే ఓటేస్తాను. కాళేశ్వరం కథలో అయితే పడినవాడు లేవాలంటే ముందు కాళేశ్వరుడి పేరున ఏదో ఒకటి వదులుకోవాలని పెట్టవచ్చు. ఒక జ్ఞాపకం, ఒక మాట, సంచిలో ఒక వస్తువు. అప్పుడు ప్రతి లేవడానికీ బరువుంటుంది.

పది పండ్లు, ఒక దివిటీ

అదే అయిదో కూర్పులో ‘గుడ్‌బెర్రీ’ అనే చిన్న మంత్రానికి పది పండ్లు వస్తాయి. ఒక్కో పండు ఒక పాయింటు గాయం మాన్పుతుంది, ఒక మనిషికి రోజంతా ఆకలి తీరుస్తుంది. మన అడవిలో కథ నడిపితే వాటిని తునికి పండ్లనో మొర్రి పండ్లనో అనుకోండి. కానీ జాగ్రత్త. తిండి కరువు మీద నడిచే కథలో ఈ ఒక్క మంత్రం కరువునే లేకుండా చేస్తుంది. ఎండాకాలం అడవిలో నీళ్లు, గాసం వెతుక్కోవడమే కథ అనుకుంటే దీన్ని ముందే తీసి పక్కన పెట్టాలి.

2023లో వచ్చిన ‘షాడోడార్క్’ అనే ఆటలో దివిటీ ఒక గంట వెలుగుతుంది. అది కథలోని గంట కాదు, మన గోడ గడియారం గంట! బల్ల దగ్గర ముచ్చట్లు పెట్టుకుంటూ కూర్చుంటే గుహలో చీకటి పడిపోతుంది. కెల్సీ డియోన్ రాసిన ఈ నియమం చిన్నదే, కానీ బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కూర్చునే తీరే మారిపోతుంది.

ఒగ్గుకథకుడు, గేమ్ మాస్టర్

జనగామ దగ్గరి మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య, 2017లో కన్నుమూసే నాటికి, ఒగ్గుకథను దేశమంతా తెలిసేలా చేశారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక క్షణం మల్లన్న, మరుక్షణం రాజు, ఆ వెంటనే ఏడ్చే తల్లి. పక్కనున్నవాళ్లు మధ్యలో ప్రశ్న వేస్తారు, మాట అందిస్తారు, కథను పక్కకు లాగుతారు, కథకుడు దాన్ని తిరిగి దారిలో పెడతాడు. గేమ్ మాస్టర్ చేసే పని కూడా ఇదే: లోకంలోని పాత్రలన్నీ తనే అయి, ఎదుటివాళ్లు అనుకోని మాట అంటే దానికి తగ్గట్టు కథ మలచడం. ఒక్క తేడా, ఒగ్గుకథలో ముగింపు కథకుడికి ముందే తెలుసు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లల్లో ఇంత కథన సంపద ఉండగా ఈ ఆటలు ఇక్కడి పిల్లలకు పరాయివి కావాల్సిన పనే లేదు.

తెలుగులో అచ్చేయవచ్చు

2023 జనవరిలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అయిదో కూర్పు మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. దాని నుంచి తీసుకున్నామని మూలం పేర్కొంటే చాలు, ఎవరైనా దాన్ని అనువదించవచ్చు, మార్చవచ్చు, పుస్తకంగా అమ్మవచ్చు కూడా. గాయాలు మాన్పే మంత్రాలు, మందు సీసాలు, విశ్రాంతి లెక్కలు, చావుబతుకుల పాచికలు అన్నీ అందులో ఉన్నాయి. మందు సీసా ధర 50 బంగారు నాణేలు, నాలుగు ముఖాల పాచికలు రెండు వేసి రెండు కలిపితే అది మాన్పే గాయం. ఆ 50 నాణేలను మన కథలో ఎన్ని వరహాలు చేస్తారో, సీసాను ఏ వైద్యుడి ఇంట్లో ఏ ఆకు పసరుతో నింపుతారో రాసేవాళ్ల ఇష్టం.